డిజైన్ విభాగాలకు బహిరంగ లేఖ: యంత్రం చెప్పే లెక్క మీ దాకా రానివ్వండి

తయారీ సంస్థల్లో డిజైన్ విభాగాలను నడిపిస్తున్న అధిపతులకు, క్యాడ్ (కంప్యూటర్ డిజైన్) మోడళ్లు గీసి, టాలరెన్సులు (సైజు ఎంత వరకు అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే హద్దులు) వేసి, డ్రాయింగులు విడుదల చేసే ఇంజనీర్లకు నమస్కారం.

మీరు విడుదల చేసిన మోడల్‌ను లోహంలోకి తేవడం నా వృత్తి. ఏ ఆపరేషన్ తర్వాత ఏ ఆపరేషన్ చేయాలో రాయడం, జాబ్‌ను, అంటే తయారవుతున్న భాగాన్ని, యంత్రంలో ఎక్కడ పట్టాలో నిర్ణయించడం, యంత్రాన్ని నడిపే సి.ఎన్.సి. (కంప్యూటర్ సంఖ్యా నియంత్రణ) ప్రోగ్రామ్‌ను సరిచూడడం, ఉత్పత్తి నడుస్తున్నంత కాలం సైజులు అదుపులో ఉన్నాయో లేవో కనిపెట్టి ఉండడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన ఒక లోటును మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. మీరు ఒక సైజుకు టాలరెన్స్ వేసే సమయంలో, అలాంటి సైజునే ఇప్పటికే వేల సంఖ్యలో తీసిన యంత్రం ఎంత నిలకడగా పనిచేస్తోందన్న సమాచారం మీ తెర మీద ఉండదు. ఆ సమాచారం లేక కాదు. అది రోజూ పుడుతోంది, నాణ్యతా విభాగం కంప్యూటర్లలో భద్రంగా నిల్వ అవుతోంది. కానీ మేము మీకు పంపము, పంపమని మీరూ అడగరు. అది మీ దాకా వచ్చే దారి వేయమని, వచ్చాక దాన్ని చూసుకునే టాలరెన్స్ నిర్ణయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

డిజైన్, యంత్రం రెండూ మొదటి నుంచీ వేరువేరు లోకాలు కావన్న సంగతి ముందుగా గుర్తుచేస్తాను. హెలికాప్టర్ రెక్కల ఆకారాన్ని సరిగ్గా కోయడానికి వక్రరేఖ మీది బిందువులను లెక్కగట్టి యంత్రాన్ని నడపాలన్న జాన్ పార్సన్స్ ఆలోచన నుంచే సంఖ్యా నియంత్రణ పుట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1952లో ఆ పద్ధతితో మిల్లింగ్ యంత్రాన్ని నడిపి చూపించారు. అదే సంస్థలో డగ్లస్ రాస్ బృందం యంత్రాలకు ఆకారాన్ని మాటల్లో చెప్పడానికి ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించింది. 1963లో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో, గీతలు సమాంతరంగా ఉండాలి, లంబంగా ఉండాలి అనే నిబంధనలను కంప్యూటరే కాపాడేలా చేసి చూపించారు. రెనో కార్ల సంస్థలో పియర్ బెజియే ఈనాడు మనం రోజూ వాడే వక్రరేఖలను తీర్చిదిద్దింది కారు బాడీ ఉపరితలాన్ని తెర మీద అందంగా చూడడానికి మాత్రమే కాదు, ఆ ఉపరితలాన్ని యంత్రం చేత కోయించడానికి కూడా. ఆ తరం వారికి గీయడం, కోయడం ఒకే సమస్య. వాటిని రెండు విభాగాలుగా, రెండు సాఫ్ట్‌వేర్లుగా, రెండు భవనాలుగా విడదీసింది ఆ తర్వాత వచ్చిన మన కార్యాలయ వ్యవస్థే.

ఆ విడదీత ఫలితం ఎలా ఉంటుందో ఒక మామూలు షాఫ్ట్ మీద చూపిస్తాను. మెట్లు మెట్లుగా ఉన్న ఉక్కు షాఫ్ట్ అనుకోండి. బేరింగ్ కూర్చునే చోట వ్యాసం 60 కె6, దాని పక్క మెట్టు 55 ఎఫ్7. కె6, ఎఫ్7 ప్రామాణిక పట్టికలోని టాలరెన్స్ గుర్తులు; ఆ పట్టిక ప్రకారం మొదటిది 60.002 నుంచి 60.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, రెండోది 54.940 నుంచి 54.970 మధ్య ఉండాలి. ఇక క్యాడ్ మోడల్ తెరిచి చూస్తే అందులో ఉండేవి 60.000, 55.000. అంటే మోడల్‌లోని ఆకారమే డ్రాయింగ్ హద్దులకు బయట ఉంది. లేత్ (జాబ్‌ను తిప్పుతూ కోసే యంత్రం) ఆ మోడల్‌ను ఒక్క మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా లేకుండా అనుసరించిందే అనుకుందాం, అప్పుడు బేరింగ్ చోటు 2 మైక్రాన్లు తక్కువై జాబ్ పోతుంది, పక్క మెట్టు 30 మైక్రాన్లు ఎక్కువై రీవర్క్‌కు వస్తుంది. యంత్రం ఎంత కచ్చితమైనదైతే మోడల్‌లోని తప్పును అంత నమ్మకంగా తీసి ఇస్తుంది.

టూల్ ఆఫ్‌సెట్ (కోసే పనిముట్టు స్థానానికి యంత్రంలో ఇచ్చే సవరణ) మార్చుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఫినిషింగ్ పాస్‌లో రెండు మెట్లనూ తీసేది ఒకే టూల్. హద్దుల మధ్యన పడాలంటే మొదటి వ్యాసం మోడల్ కంటే 11.5 మైక్రాన్లు పెరగాలి, రెండోది 45 మైక్రాన్లు తగ్గాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవలసిన చోట ఒక్క ఆఫ్‌సెట్ ఏ పక్కకు జరిపినా రెండోది చెడుతుంది. అందువల్ల క్యామ్ ప్రోగ్రామర్ (మోడల్ నుంచి యంత్రానికి ప్రోగ్రామ్ తయారుచేసేవాడు) డ్రాయింగ్ పక్కన పెట్టుకొని, ప్రతి సైజుకూ మధ్య విలువ లెక్కగట్టి, ప్రోగ్రామ్‌లోని కోఆర్డినేట్లను చేత్తో దిద్దుకుంటాడు, లేదా మీ మోడల్‌కు నకలు తీసి, ఆ నకలులో సైజులు మార్చి, దాని మీద టూల్‌పాత్ వేస్తాడు. ఆ నకలు మీ వ్యవస్థలో ఎక్కడా నమోదు కాదు. ఆరు నెలలకు మీరు ఒక రివిజన్ విడుదల చేసి ఒక మెట్టు పొడవు మార్చినప్పుడు, పాత నకలులో ఆ మార్పు రాదు. ఎవరో గుర్తుపెట్టుకొని చేత్తో మార్చాలి. తప్పు జరిగితే విచారణలో ప్రోగ్రామర్ పేరు వస్తుంది కానీ, తప్పుకు చోటిచ్చిన ఏర్పాటు మీద ఎవరి దృష్టీ పడదు.

దీనికి మందు కొత్తది కాదు. సైజుల హద్దులు, డేటమ్‌లు (కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖాలు, అక్షాలు), ఉపరితల ఫినిష్, ఇవన్నీ మోడల్‌లోని ఆయా ముఖాలకే అంటిపెట్టుకొని, కంప్యూటర్ చదివి అర్థం చేసుకోగల రూపంలో ప్రయాణించేందుకు ఐఎస్ఓ 10303 ప్రమాణంలోని ఏపీ242 భాగం 2014లోనే వచ్చింది. అలా వస్తే క్యామ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ముఖాన్నీ దాని హద్దుల మధ్యకు తానే జరుపుకోగలదు, కొలిచే యంత్రం తన కొలత ప్రణాళికను అదే మోడల్ నుంచి తీసుకోగలదు. ఆ వసతి ఇంకా లేని చోట, ముఖ్యమైన సైజులనైనా మోడల్‌లో మధ్య విలువకే గీయవచ్చు. అసెంబ్లీలో సందులు, ఒత్తుళ్లు కూడా అప్పుడే నిజానికి దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి, దీనివల్ల డిజైన్‌కు నష్టం కూడా లేదని నా అభిప్రాయం. అన్నిటికంటే అన్యాయమైనది ఎస్‌టీఎల్ ఫైలు ఒక్కటే పంపి భాగం తయారుచేయమనడం. అందులో ఉపరితలాన్ని కప్పే త్రిభుజాలు తప్ప మరేమీ ఉండవు; మిల్లీమీటరా, అంగుళమా అన్న సంగతి కూడా ఆ ఫైలు చెప్పదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ కె6 ఎక్కడి నుంచి వచ్చింది? బేరింగ్ తయారీదారుల పట్టిక నుంచి వచ్చి ఉంటే, లోడు ఎంత, తిరిగే వేగం ఎంత అన్నది చూసి మీరు ఎంచుకొని ఉంటే, దాని మీద మాట్లాడే హక్కు నాకు లేదు. భాగం చేయవలసిన పనిని నిర్ణయించేది మీరే. కానీ చాలా డ్రాయింగుల్లో టాలరెన్స్ వచ్చేది పాత డ్రాయింగ్ నుంచి, ఆ పాతదానికి దానికంటే పాతదాని నుంచి. మొదట ఎవరు, ఏ యంత్రాన్ని దృష్టిలో పెట్టుకొని, ఏ అవసరానికి వేశారో చెప్పగలిగినవారు ఇప్పుడు ఎవరూ ఉండరు. అనుమానం వచ్చిన చోట బిగించి పెడితే భద్రం అనే అలవాటు దానికి తోడవుతుంది.

బిగించడానికి అయ్యే వెల ఎంతో ఒక్క ఉపరితల ఫినిష్ విషయంలోనే చూడవచ్చు. టర్నింగ్‌లో, అంటే లేత్ మీద కోతలో, మిగిలే గరుకుదనం, సిద్ధాంతరీత్యా, ఫీడ్ (జాబ్ ఒక చుట్టు తిరిగేలోపు టూల్ జరిగే దూరం) వర్గాన్ని టూల్ ముక్కు వ్యాసార్ధంతో భాగించినదానికి అనులోమంగా ఉంటుంది. ముక్కు వ్యాసార్ధం 0.8 మిల్లీమీటర్లు, ఫీడ్ చుట్టుకు 0.2 మిల్లీమీటర్లు అయితే ఆర్ఏ (సగటు గరుకుదనం) విలువ సుమారు 1.6 మైక్రాన్లు వస్తుంది. డ్రాయింగ్ మీద 1.6 చెరిపి 0.8 రాస్తే, అదే టూల్‌తో ఫీడ్‌ను దాదాపు 0.14కు తగ్గించాలి, ఆ పాస్‌కు పట్టే సమయం నూటికి 40 వంతులు పెరుగుతుంది. ఆ ముఖం దేనికీ తగలని ముఖమైతే, ఆ సమయమంతా ఎవరికీ ఉపయోగపడకుండా పోయినట్టే.

సైజుల విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. మా లేత్ ఆ వ్యాసాన్ని తీసేటప్పుడు సహజంగా వచ్చే చెదురును ప్రామాణిక విచలనంగా చెబితే 4 మైక్రాన్లు అనుకుందాం. కె6 వెడల్పు 19 మైక్రాన్లు. ఆరు విచలనాలు 24 మైక్రాన్లు. 19ని 24తో భాగిస్తే సీపీ (యంత్రం చెదురుకు టాలరెన్స్ ఎంత చోటిస్తోందో చెప్పే నిష్పత్తి) విలువ 0.79. అంటే సగటును సరిగ్గా మధ్యన నిలబెట్టినా నూటికి దాదాపు రెండు జాబ్‌లు హద్దు దాటుతాయి. ఇందులో ఆపరేటర్ లోపం లేదు, మెటీరియల్ లోపం లేదు. అదే చోట కె7 సరిపోతుందని మీరు అంటే హద్దులు 60.002 నుంచి 60.032 అవుతాయి, వెడల్పు 30 మైక్రాన్లు అవుతుంది, హద్దు దాటేవి పది వేలకు రెండుకు మించవు. ఒక్క అంకె మార్పు. ఆ మార్పు సాధ్యమో కాదో చెప్పగలిగింది మీరు, దానివల్ల ఏమి జరుగుతుందో చెప్పగలిగింది మేము. కుదరదంటే, కె6 తప్పదంటే, అప్పుడు మేము గ్రైండింగ్ ఆపరేషన్ చేర్చి, ఆ ఖర్చును ముందుగానే మీకు చెప్పి, అందరి ఎరుకలో ముందుకు వెళతాము. ఈ మాటలు విడుదలకు ముందు జరగాలి. ఉత్పత్తి మొదలై మూడు వారాలయ్యాక, స్క్రాప్ కుప్ప పక్కన నిలబడి మాట్లాడుకుంటే ఎవరి మనసూ నిలకడగా ఉండదు.

నియంత్రణ అన్న మాట మన పరిశ్రమలో మూడు చోట్ల మూడు స్థాయిల్లో నడుస్తుంది. అన్నిటికంటే లోపలిది యంత్రం సర్వోది. స్లైడ్ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉందో పోల్చి, తేడాను సెకనుకు వందల సార్లు సరిచేసే వలయం అది. ఓడను దారి తప్పకుండా నడపడం గురించి నికొలస్ మినోర్‌స్కీ 1922లో రాసిన సూత్రాల వారసత్వం ఇప్పటికీ దాని లోపల ఉంది. కానీ ఆ వలయానికి తెలిసింది స్లైడ్ స్థానమే కానీ షాఫ్ట్ వ్యాసం కాదు. టూల్ అరిగినా, జాబ్ వంగినా, స్పిండిల్ వేడెక్కి జరిగినా సర్వోకు తెలియదు. అందుకని దాని బయట రెండో వలయం ఉంది: జాబ్‌ను కొలవడం, చార్ట్ మీద పెట్టడం, అవసరమైతే ఆఫ్‌సెట్ మార్చడం. మూడోది వీటి రెండింటికీ బయట ఉండవలసినది: నెలల తరబడి పోగైన కొలతలు మోడల్ దగ్గరకు తిరిగి వెళ్లి, తర్వాతి డిజైన్‌ను దిద్దడం. మొదటి రెండు వలయాలూ మూసుకొని పనిచేస్తున్నాయి. మూడోది మాత్రం తెరుచుకునే ఉంది. మీకు నేను రాస్తున్నది ఆ మూడోదాని గురించే.

రెండో వలయం ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూస్తే, మీకు దాని నుంచి ఏమి అందగలదో తెలుస్తుంది. 1924 మే 16న, గణాంకాలతో నాణ్యతను అదుపు చేసే పద్ధతికి పునాది వేసిన వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక చిన్న నోట్ పంపారు. అందులో గీసి చూపించిన బొమ్మే మొదటి కంట్రోల్ చార్ట్. మధ్యన సగటు గీత, పైనా కిందా మూడేసి విచలనాల దూరంలో హద్దు గీతలు. ఆ గీతలు డ్రాయింగ్ నుంచి రావు, ప్రాసెస్ తానుగా ఇచ్చిన కొలతల నుంచి వస్తాయి. మన షాఫ్ట్ బేరింగ్ చోటు చార్ట్ తెచ్చి చూడండి. కొత్త ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే, అరిగితే మార్చే కోసే ముక్క) పెట్టిన వెంటనే బిందువులు కిందుగా మొదలవుతాయి. కోసే అంచు అరుగుతున్న కొద్దీ టూల్ పదార్థం నుంచి కొంచెం కొంచెంగా వెనక్కు జరిగినట్టవుతుంది కాబట్టి వ్యాసం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఇన్సర్ట్ మార్చిన చోట మళ్లీ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. చార్ట్ రంపం పళ్లలా కనిపిస్తుంది. షిఫ్ట్ మొదట్లో, యంత్రం ఇంకా చల్లగా ఉన్నప్పుడు వచ్చే బిందువులు వేరే వరసలో పడతాయి. అరగంట నడిచాక అవి సర్దుకుంటాయి.

అప్పుడే తీసిన వేడి జాబ్‌ను కొలిస్తే ఇంకో తేడా. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 60 మిల్లీమీటర్ల వ్యాసం 10 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 7 మైక్రాన్లు ఎక్కువగా చూపిస్తుంది. కె6 ఇచ్చిన 19 మైక్రాన్లలో మూడో వంతుకు పైగా ఉష్ణోగ్రతే తినేసిందన్నమాట. గేజ్‌లో ఉన్న చెదురు, దాన్ని పట్టుకునే చేతుల మధ్య తేడా ఇంకా మిగిలే ఉన్నాయి. కొలత పద్ధతి చెదురు టాలరెన్స్‌లో నూటికి 10 వంతులకు లోపు ఉంటే మంచిదని, 30 దాటితే పనికిరాదని పరిశ్రమలో పాటించే నియమం. 19 మైక్రాన్లకు ఆ నియమం పాటించాలంటే మామూలు చేతి మైక్రోమీటర్ సరిపోదు. టాలరెన్స్ వేయడమంటే దాన్ని కొలిచే సాధనాన్ని కూడా ఎంచుకున్నట్టేనని డిజైన్ సమీక్షల్లో ఒక్కరైనా అనాలని నా కోరిక.

ఈ చార్ట్ మీ ముందు లేనందువల్ల జరిగే నష్టాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఒకటుంది. అసెంబ్లీలో ఏదో బిగుతు లేదా వదులు కనిపిస్తుంది, ఫిర్యాదు మీ దాకా వస్తుంది, మీరు టాలరెన్స్‌ను సగానికి కుదించి కొత్త రివిజన్ విడుదల చేస్తారు. డ్రాయింగ్ మీద హద్దు మారినంత మాత్రాన యంత్రం చెదురు తగ్గదు. తిరస్కరణ మాత్రం పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ఆపరేటర్ ప్రతి జాబ్‌నూ కొలిచి, ప్రతి తేడాకూ ఆఫ్‌సెట్ మారుస్తూ కూర్చుంటాడు. నిలకడగా ఉన్న ప్రాసెస్‌ను ప్రతి తేడాకూ సమానమైన సవరణతో దిద్దుతూ పోతే చెదురు పెరుగుతుందే కానీ తగ్గదని, విచలన వర్గం రెట్టింపవుతుందని నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటు ప్రయోగంతో ఎందరికో చూపించారు. మన 4 మైక్రాన్లు దాదాపు 5.7 అవుతాయి. అంటే బిగించిన టాలరెన్స్ చివరికి మరింత చెదిరిన భాగాలనే తెచ్చిపెడుతుంది. చార్ట్ చూసి ఉంటే, సగటు ఒక పక్కకు జరిగిందని, మధ్యకు తెస్తే చాలని, హద్దులు ముట్టుకోనక్కర్లేదని అక్కడికక్కడే తేలిపోయేది.

మీ సొంత లెక్కల్లో కూడా ఈ చార్ట్ మీకు తెలియకుండానే ఉంది. ఐదు భాగాలు వరుసగా పేర్చినప్పుడు, ఒక్కొక్కటి ప్లస్ లేదా మైనస్ 0.1 అయితే, అన్నీ ఒకే వైపు చెడిన స్థితికి లెక్క కడితే మొత్తం 0.5 వస్తుంది. వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే పద్ధతిలో 0.22 వస్తుంది. ఈ రెండో సంఖ్య ఆకర్షణీయంగా ఉంటుంది కాబట్టి ఇప్పుడు చాలామంది దాన్నే వాడుతున్నారు. కానీ అది చెల్లాలంటే ఐదు ప్రాసెస్‌లూ నిలకడగా ఉండాలి, సగటులు మధ్యన ఉండాలి, ఒకదానికొకటి సంబంధం లేకుండా మారాలి. పైన చెప్పిన రంపం పళ్ల చార్ట్‌లో సగటు స్థిరంగా లేదు. ఒకే యంత్రం మీద, ఒకే షిఫ్ట్‌లో తీసిన భాగాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా మారవు. ఈ నిబంధనలు నెరవేరుతున్నాయో లేదో చూడకుండా ఆ సూత్రం వాడిన విశ్లేషణ నివేదిక మీద సంతకం చేయడం సరైన ఇంజనీరింగ్ కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

డేటమ్‌ల గురించి ఒక్క మాట. షాఫ్ట్ పనిచేసేటప్పుడు బేరింగ్ చోట్ల మీద తిరుగుతుంది, మేము తీసేటప్పుడు సెంటర్ల మధ్య తిరుగుతుంది. రెండూ ఒకటి కానప్పుడు తేడా ఎంత వస్తుందో లెక్కలో చేర్చుకోవాలి. అందుకు మీరు డేటమ్ నిర్ణయించేటప్పుడే ఫిక్స్‌చర్ (జాబ్‌ను యంత్రంలో పట్టే అమరిక) గురించి మమ్మల్ని అడగడం మేలు. రంధ్రాల స్థానానికి ప్లస్ మైనస్ చతురస్రం బదులు స్థాన టాలరెన్స్ వృత్తాన్ని వాడితే, అదే మూలల దాకా అనుమతిస్తూ నూటికి 57 వంతులు ఎక్కువ విస్తీర్ణం దొరుకుతుందన్నది ఈ స్థాన టాలరెన్స్ ఆలోచనను ముందుకు తెచ్చిన స్టాన్లీ పార్కర్ కాలం నుంచి తెలిసిన సంగతే. భాగం పనితనం ఏమాత్రం తగ్గకుండా మాకు దొరికే వెసులుబాటు అది.

సమాచారం ఒక చోటు నుంచి ఇంకో చోటికి చెడకుండా చేరడం చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే, ఎయిర్‌బస్ ఏ380 విమానానికి ఏమి జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఒక దేశంలోని డిజైన్ బృందాలు కాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ మీద, మరో దేశంలోనివి ఐదో వెర్షన్ మీద పనిచేయడం వల్ల వైరింగ్ మోడళ్లు పొసగలేదు. తయారై వచ్చిన వైర్ల కట్టలు విమానంలో కుదరలేదు. 2006లో ఆ కార్యక్రమం భారీ ఆలస్యాలను ప్రకటించవలసి వచ్చింది. అది డిజైన్‌కూ డిజైన్‌కూ మధ్య పడిన అగాధం కాబట్టి లోకానికి తెలిసింది. డిజైన్‌కూ ప్రాసెస్‌కూ మధ్య ఉన్న అగాధం రోజూ కొంచెం స్క్రాప్‌గా, కొంచెం రీవర్క్‌గా, కొంచెం ఆలస్యంగా కరిగిపోతుంది కాబట్టి ఎవరి నివేదికలోనూ కనిపించదు.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు నాకు తెలుసు. ఏ యంత్రం మీద, ఏ సరఫరాదారు దగ్గర తయారవుతుందో డిజైన్ సమయంలో తెలియదు కదా అంటారు. నిజమే. అలాంటప్పుడు ఆ రకం ప్రాసెస్‌కు మన దగ్గర ఉన్న చెదురు పరిధిని తీసుకొని మొదటి నిర్ణయం చేసి, సరఫరాదారు ఖరారయ్యాక, విడుదలకు ముందు, ముఖ్యమైన సైజుల వరకైనా వారి లెక్కతో సరిచూడవచ్చు. డ్రాయింగ్ మీద నూరు సైజులుంటే భాగం పనిని నిర్ణయించేవి కొన్నే ఉంటాయి, ఈ శ్రమ వాటికి చాలు. షాప్ ఫ్లోర్ డేటా నమ్మదగినది కాదన్నది రెండో అభ్యంతరం, దీన్ని నేను తోసిపుచ్చను. ఆఫ్‌సెట్ మార్చిన సంగతి రాయకుండా కొలతలు మాత్రమే రాసిన ఫైళ్లు, ఏ రివిజన్‌కు చెందినవో తెలియని ఫైళ్లు, మంచివి ఏరి కొలిచిన ఫైళ్లు మా దగ్గర ఉన్నాయి. వాటిని బాగుచేయవలసిన బాధ్యత మా విభాగాలది. ప్రతి కొలతా మోడల్‌లో ఏ ముఖానికి చెందిందో, ఏ రివిజన్‌దో, అప్పుడు ఏ ఇన్సర్ట్ ఎన్నో జాబ్ తీస్తోందో, ఆఫ్‌సెట్ ఎంత ఉందో కలిపి నమోదు చేయడం ఇప్పుడు కష్టం కాదు. యంత్రం నుంచి స్థితిగతులు తీసుకోవడానికి ఎంటీకనెక్ట్ ఉంది. కొలతలను మోడల్ ముఖాలతో ముడివేసి పంపడానికి క్యూఐఎఫ్ ఉంది, అది 2020లో ఐఎస్ఓ 23952గా అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. కావలసినవన్నీ ఉన్నా, వాటిని తీసుకునే చేయి అవతల లేకపోతే నమోదు చేసే ఓపిక ఇవతలా నిలవదు. ఎవరూ చదవని రికార్డును ఎవరూ శ్రద్ధగా రాయరు.

అందువల్ల నేను కోరే ఏర్పాటు ఇది. మీ విడుదల పద్ధతిలో, ముఖ్యమైన ప్రతి సైజుకూ ఆ టాలరెన్స్ ఏ అవసరం నుంచి వచ్చిందో, ఏ ప్రాసెస్ లెక్క చూసి వేశారో రాసే ఒక గడి చేర్చండి. లెక్క లేకపోతే లేదని రాయండి, అప్పుడు దాన్ని తేవలసిన పని మాది అవుతుంది. రివిజన్‌లో ఏ సైజు హద్దులు మార్చాలన్నా ఆ సైజు కంట్రోల్ చార్ట్ చూడకుండా ఆమోదం ఇవ్వకండి. మీ దగ్గర కొత్తగా చేరిన ఇంజనీర్లు తాము గీసిన ఒక భాగాన్నైనా మొదటి జాబ్ నుంచి ఇన్సర్ట్ మార్చే దాకా యంత్రం పక్కన నిలబడి చూసేలా, కొన్ని జాబ్‌లు తమ చేత్తో కొలిచేలా చేయండి. మా ప్రోగ్రామర్లు మీ మోడల్‌కు నకలు తీయవలసి వచ్చిన ప్రతిసారీ ఎందుకు తీశారో మీకు తెలియజేసే దారి తెరవండి. ఆ కారణాల జాబితా మీ మోడలింగ్ నియమావళికి ఏ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చే సలహా కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

అన్ని భాగాలతో ఒకేసారి మొదలుపెట్టమని అనడం లేదు. ఇప్పటికే ఉత్పత్తిలో ఉండి, మీకూ మాకూ ఎక్కువ ఉత్తరాలు నడిచిన ఒక భాగాన్ని మీరే ఎంచుకోండి. దాని ముఖ్యమైన సైజుల చార్టులు, ఇన్సర్ట్ మార్పులతో, ఆఫ్‌సెట్‌లతో సహా, గత ఆరు నెలలవి మేము తెస్తాము. మీరు మోడల్, ఆ టాలరెన్సుల వెనుక ఉన్న కారణాలు తీసుకురండి. తేదీ మీరే నిర్ణయించి చెప్పండి.

భవదీయుడు,
ఒక ప్రాసెస్ ఇంజనీర్